రెండు చెవుల నట్టు

ఇటు జరుగు తల్లీ, ఆ స్టూలు లాక్కుని కూర్చో. గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఛీ అనిపించే సంగతి ఒకటి చెబుతాను.

మీ తాతయ్యకు పాతకాలపు కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆ కార్ల చక్రాలకు సైకిలు చక్రాలకున్నట్టే సన్నటి స్పోకులు. బోల్టులుండవు. ఇరుసు చివర పళ్లున్న హబ్బుకు చక్రాన్ని తొడిగి, మధ్యలో రెండు చెవులున్న పెద్ద నట్టు తిప్పుతారు. ఆ చెవుల మీద రాగి సుత్తితో కొట్టి బిగించాలి. తొడిగే ముందు పాత గ్రీజంతా కడిగేయాలి.

ఆ రోజు మీ తాతయ్య ఊళ్లో లేడు. మీ అమ్మ అప్పటికి చంటిపిల్ల, సూది వేయించాలి. మా మరిది, "కారు రెడీ వదినా, నేను తీసుకెళ్తా" అన్నాడు. మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా వేసుకుని, జాకీ మీదున్న కారు పక్కన కూర్చుని, నట్టును ముఖమల్ గుడ్డతో తోముతున్నాడు. అందులో ముఖం చూసుకుని తల కూడా దువ్వుకున్నాడు.

"సుత్తితో కొట్టావా?"

"కొడితే మచ్చలు పడవూ? గుడ్డేసి చేత్తో బిగించాన్లే."

పిల్లను పక్కనే ఉన్న మా అత్తయ్య చేతిలో పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. టక్కుమంది. వదులుగా ఉంటేనే అలా మోగుతుంది.

"అది నీ గాజుల చప్పుడు వదినా!"

గాజులు తీసి అత్తయ్య ఒళ్లో పడేసి మళ్లీ ఊపాను. మళ్లీ టక్కుమంది. అత్తయ్య కిసుక్కున నవ్వింది. వాడు మూతి ముడుచుకుని చక్రం ఊడదీశాడు.

ఛీ! ఏమని చెప్పను? హబ్బు పళ్ల నిండా నల్లటి జిగురు. అందులో వెంట్రుకలు, ఇసుక, బొద్దింక రెక్కలు. ముక్కిపోయిన నూనె కంపు. దాని మీదే కొత్త గ్రీజు పులిమాడు, స్నానం చెయ్యకుండా పౌడరు రాసుకున్నట్టు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"దీని మీదా నా పిల్లను ఎక్కిస్తానన్నావు?"

"లోపలిది ఎవరికి కనిపిస్తుంది వదినా?"

ఆ మాటకు ఆ జిగురుకన్నా ఎక్కువ రోత పుట్టింది. వేలితో ఇంత తీసి వాడి తెల్లచొక్కా మీద అడ్డంగా రాశాను. "ఇప్పుడు కనిపిస్తోందా?"

"నా చొక్కా!" అని కేక పెట్టాడు.

"చొక్కా ఉతుక్కోవచ్చు గానీ, ముందు అది కడుగు" అంది అత్తయ్య.

కిరసనాయిలుతో పళ్లన్నీ మెరిసేదాకా కడిగాడు. కొత్త గ్రీజు పల్చగా రాసి, చక్రం తొడిగి, సుత్తి ఎత్తాడు. ప్రతి దెబ్బకూ కళ్లు మూసుకునేవాడు.

"నిన్ను కాదురా కొట్టేది, నట్టును!" అంది అత్తయ్య.

మొద్దుగా మోగే చప్పుడు చివరికి ఖంగుమంది, అంటే నట్టు బిగిసిందన్నమాట. మిగతా మూడూ అలాగే విప్పించి, కడిగించి, కొట్టించాను. తర్వాత ఒక్కడినే వీధి చివరిదాకా నడిపి రమ్మన్నాను. వచ్చాక మళ్లీ జాకీ ఎక్కించి కొడితే, నడిచి సర్దుకున్న చక్రం మీద నట్టు ఇంకాస్త తిరిగింది. వాడు దాన్ని చూసి, చెప్పకుండానే మిగతా మూడూ కొట్టాడు. నేనప్పుడు గాజులు తొడుక్కుని పిల్లను తీసుకుని ఎక్కాను. ఆ మరక చొక్కాతోనే నడిపాడు. దారంతా నా వేలికి అదే కంపు.

ఇది మరిచిపోకు తల్లీ, నీ పిల్లలకీ చెప్పు. మెరిసే చక్రాల కారు ఎవరైనా ఎక్కమంటే, ముందు గాజులు తీసి చక్రాన్ని ఊపి చూడమను.