నీలిమందు వేసిందెవరు

ఆస్పత్రి బట్టలుతికే ఆ చోట ఒక్కో మెషీన్‌కూ రెండు తలుపులు. గోడకు ఇవతలి తలుపులో మురికి దుప్పట్లు వేస్తారు, అవతలి తలుపులోంచి ఉతికినవి తీస్తారు. మురికి మళ్లీ అంటకూడదని ఇటువాళ్లు అటు పోకూడదు. మంచి నియమమే. కానీ ఇటు పనిచేసేవాళ్లంతా నల్లవాళ్లూ, అటు ఇస్త్రీ దగ్గర అంతా తెల్లవాళ్లూ ఎలా అయ్యారో ఏ నియమంలోనూ లేదు.

ఇటువైపు పనిచేసే ఒకే ఇంటి తోడికోడళ్లలో పెద్దకోడలు నాలుగేళ్లుగా అదే అడుగుతోంది. ప్రతి శుక్రవారం డ్యూటీ దిగాక సూపర్‌వైజర్ గది గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా, మావాళ్లలో ఒకరినైనా అటు వేయండి అనేది. ఆయనా గొంతు పెంచకుండానే చూద్దాం అనేవాడు. ఆమె ఇంటికెళ్లి, ఇంకాస్త ఓపిక ఇమ్మని దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

చిన్నకోడలు అక్కడ చేరి ఏడాదైనా కాలేదు. ఒక ఉదయం మెషీన్లన్నిటిలోనూ నీలిమందు గుమ్మరించింది. అవతల దిండు గలీబులతో సహా అన్నీ ముదురు నీలంగా బయటికొచ్చాయి. ఆ రోజు ఆస్పత్రిలో రోగులు ఉత్త రబ్బరు పరుపుల మీద పడుకున్నారు. మురికివైపు బండ్లు తోసేవాడి భార్య కూడా వాళ్లలో ఉంది, పచ్చి బాలింత.

ఎవరు చేశారో ఇటువైపు అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. చిన్నకోడలు నడిచొస్తుంటే దారి ఇచ్చారు. మహారాణి అని పేరు పెట్టారు. ఇంట్లో అత్తగారు కూర ముందుగా ఆమె కంచంలోనే వడ్డించింది. శుక్రవారాల సంగతి ఏనాడూ అడగని మనిషి! పెద్దకోడలికి అన్నం రుచించలేదు.

"పాపం, ఆ బాలింత రబ్బరు మీద పడుకుంది," అంది.

"నువ్వు ఇలాగే అడుగుతూ ఉంటే ఆ పుట్టిన పిల్ల కూడా పెద్దయి ఇటువైపే చేరేది అక్కా."

అత్తగారు నవ్వింది. బాలింత మీద జాలి నిజమే. ఆ జాలి వెనక తను దేన్ని దాచుకుంటోందో పెద్దకోడలికి తెలియకపోలేదు.

మర్నాడు సూపర్‌వైజర్ తనే కబురు చేశాడు. కుర్చీ చూపించాడు. నీలిమందు వేసిందెవరో చెబితే ఇద్దరిని అటు వేయడానికి పైవాళ్లు ఒప్పుకున్నారట. అందులో ఒక చోటు నీదే అన్నాడు.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఇక ఇంట్లో మహారాణి ఉండదు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసుకుని ఆమెకే భయమేసింది. దేవుడా, నేను అడిగింది ఇదే కదా, ఇలా ఇస్తావేం అనుకుంది. అంతలోనే, ఆ మహారాణి తనే అయితే అని ఇంకో ఆశ పుట్టింది. అదీ మొదటిదాని కన్నా గొప్పదేం కాదు.

"నేనే వేశాను," అంది.

ఆయన నవ్వాడు. "నువ్వా? నీ సంగతి నాకు తెలీదూ? నువ్వు అలాంటిదానివి కాదమ్మా," అన్నాడు మెచ్చుకోలుగా.

అంత అవమానం ఆమెకు ఏనాడూ జరగలేదు. ఇన్నేళ్ల తన నెమ్మది ఆయన హాయిగా నిద్రపోవడానికే పనికొచ్చిందన్నమాట. నీలం చూశాకే కదా ఈ కుర్చీ? కానీ ఆ నీలం దేనికోసమో ఆయనకు అర్థమైంది తన శుక్రవారాల వల్ల కాదూ? ఏది ఎంతో దేవుడికే తెలియాలి.

"పేరు చెప్పను. అటు పని అడిగాను కానీ పేరు అమ్ముతానని అనలేదు. మీరు ఇవ్వకపోతే, మళ్లీ ఇలాంటిది జరిగినప్పుడు అనుమానించేవాళ్లలో నన్నూ కలుపుకోండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. చూద్దాం అనలేదు. పైవాళ్లతో మాట్లాడి సోమవారం చెబుతానన్నాడు. ఆయన ఫలానా రోజు అని చెప్పడం అదే మొదలు.

గుమ్మం బయట బండ్లు తోసేవాడు అంతా విన్నాడు. కబురు ఆమెకన్నా ముందే ఇల్లు చేరింది. చిన్నకోడలు మొహం ముడుచుకుని కూర్చుంది.

"అది నేను చేసిన పని అక్కా. మధ్యలో నీ పేరెందుకు?"

పెద్దకోడలు కంచం ముందు కూర్చుంది. సోమవారం ఏమవుతుందో ఏమో. ఆ పూట మాత్రం అన్నం రుచిగా ఉంది. అందుకు దేవుణ్ణి క్షమాపణ అడగాలనుకుంది, భోజనం అయ్యాక.