స్వభావంలో మార్పు లేదు

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పున్నయ్య రిజిస్టరులో గీతలు గీస్తున్నాడు. అచ్చు గీతలున్న రిజిస్టర్లు వచ్చి చాలాకాలమైంది, అయినా ఆయనకు తన గీత మీదే నమ్మకం. స్కేలు జరిపినప్పుడల్లా కుడిచేతి నడిమి వేలి మీద కాయ తెల్లగా కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ల రాతకు డిపార్ట్‌మెంటు ఇచ్చిన పతకం అదొక్కటే. గురజాల దాటాక రోడ్డు పక్కనుండే చిన్న పోలీసు స్టేషన్లో ఆయన రైటరు. అంటే లాఠీ బదులు కలం పట్టిన కానిస్టేబులు. మధ్యలో రెండుసార్లు వేరేచోటికి మార్చినా, కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ అంతుపట్టక మళ్లీ వెనక్కి పిలిపించుకున్నారు.

రౌడీషీటు ఉన్నవాళ్లు ఆదివారం ఆదివారం వచ్చి ఇక్కడ సంతకం పెట్టాలి. ఒకప్పుడు ఇరవై మంది వరండా నిండా కూర్చునేవారు. కొందరు పోయారు, కొందరు వలస వెళ్లారు. మిగిలింది ముగ్గురు. వాళ్లలో ఇద్దరు మోటారుసైకిలు ఇంజను ఆపకుండానే సంతకం గీకి వెళ్లిపోతారు. మూడోవాడు మస్తాన్‌రావు. జిన్నింగు మిల్లులో పత్తి మోసి మోసి నడుము వంగిన మనిషి, అరవై దాటాయి. అతను మాత్రం సంతకం పెట్టాక బెంచీ మీద కూర్చుంటాడు. మోకాళ్ల నొప్పులు, మిర్చికి తగిలిన తెగులు, నూజెండ్లలో ఉన్న కూతురు వెన్నెల. రెండు గంటలపాటు మాటలు వీటి చుట్టూనే తిరుగుతాయి.

వారం మొత్తంలో పున్నయ్య మనసు విప్పి మాట్లాడేది ఆ రెండు గంటలే. భార్య హైమావతి పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. స్టేషను వెనక క్వార్టర్లో ఒక పూట వండుకుని రెండు పూటలా తింటాడు. టీవీ పెడతాడు గానీ చూడడు. దినాలయ్యాక తోటి పోలీసులెవరూ ఆ గుమ్మం తొక్కలేదు. రౌడీషీటరు మస్తాన్‌రావు వచ్చాడు. ఏమీ అనకుండా సాయంత్రం దాకా పక్కన కూర్చుని వెళ్లాడు.

చిక్కంతా అక్కడే మొదలైంది. ఏటా డిసెంబరులో ప్రతి షీటునూ ఉంచాలా తీసేయాలా అన్నది తేల్చాలి. ఎస్సైలు రెండేళ్లకోసారి మారిపోతారు, రైటరు రాసినదాని కిందే సంతకం పెడతారు. హైమావతి పోయిన ఏడాది అప్పటి ఎస్సై, ముసలాడు కదా, తీసేద్దామా అని అడిగాడు. పున్నయ్య కాసేపు కలం ఆపి, స్వభావంలో మార్పు లేదు అని రాశాడు. ఆ తరవాత ఏటా అదే వాక్యం. షీటు పోయిన మర్నాడే మస్తాన్‌రావు కూతురి దగ్గరికి వెళ్లిపోతాడని ఆయనకు తెలుసు. షీటున్నంతకాలం ఊరు దాటితే స్టేషన్లో చెప్పాలి, చెబితే అక్కడి పోలీసులు ఆ ఇంటికి వెళ్లి ఆరా తీస్తారు. అల్లుడి ఇంటి ముందు జీపు ఆగడం ఇష్టంలేక అతను నూజెండ్ల వెళ్లడమే మానుకున్నాడు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన ఎస్సై దేవిక సైకాలజీలో ఎమ్మెస్సీ చేసింది. పదింటికి ఆమె షీటు పట్టుకుని వరండాలోకి వచ్చింది. కాగితం వంకా మస్తాన్‌రావు మొహం వంకా మార్చి మార్చి చూసి, ఎడమ కనుబొమ మీద గాటు అని రాసుంది, ఏదని అడిగింది.

"అది మా నాయనకండీ," అన్నాడు మస్తాన్‌రావు. "గొడ్డలి దెబ్బ."

ఊళ్లో గొడవలు ముదిరిన రోజుల్లో అతని తండ్రి ఒకణ్ణి నరికాడు. గుంపులో కొడుకూ ఉన్నాడన్నారు. కోర్టు కేసు కొట్టేసింది గానీ ఈలోగా షీటు తెరిచేశారు. అదే రక్తం గదా, తండ్రి షీటు చూసి ఎక్కించెయ్ అన్నాడు అప్పటి ఎస్సై. కొత్తగా రైటరైన పున్నయ్య అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాడు. కోపం, పగ, తాగుడు, చివరికి గాటు కూడా. ఆ స్టేషన్లో కొడుకులందరికీ అలాగే రాసేవారు. మస్తాన్‌రావు జన్మలో కల్లు ముట్టి ఎరగడు.

గాటు కూడా రక్తంలో వస్తుందా పున్నయ్య గారూ, అని దేవిక నవ్వకుండానే అడిగింది. తండ్రి కోపం కొడుక్కి కొంత రావచ్చు, రాకపోనూ వచ్చు, పెరిగిన ఇల్లూ తిన్న దెబ్బలూ దొరికిన ఆదరణా అన్నీ చూడాలంది. జరిగిన నేరాన్ని బట్టి చేసినవాడు ఎలాంటివాడో అంచనా కట్టడం ఒక విద్య, మీరేమో మనిషిని ఎదురుగా పెట్టుకుని నేరాన్ని ఊహిస్తున్నారంది. తాను తయారుచేసిన ప్రశ్నల కాగితం ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

పున్నయ్య ఒక్కొక్కటే అడిగి రాశాడు. చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలిందా? లేదు. తండ్రి కొట్టేవాడా? కొట్టేవాడు, అందుకే తాను వెన్నెల మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. నిద్ర? పడుకుంటే తెల్లారుతుంది. కష్టం వస్తే ఎవరున్నారు? మిల్లులో పదిమంది పేర్లు చెప్పాడు. సొంత మేలు కోసం ఇంకొకరికి నష్టం చేశారా? లేదు. మొహంలో తేడా రాకుండా అబద్ధం చెప్పగలరా? మస్తాన్‌రావు తల అడ్డంగా ఊపాడు.

అవే ప్రశ్నలు తనను అడిగితే? పున్నయ్యకు నిద్ర లేదు. కష్టానికి చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క పేరు. చివరి రెండింటికీ అవుననే రాయాలి. ఆయనకు సిగ్గేసింది. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

ఆఖరున స్వభావం అన్న గడి ఉంది. అలవాటైన వాక్యం వేళ్ల దాకా వచ్చింది. అది రాస్తే ఇంకో ఏడాది ఆదివారాలుంటాయి, ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నవాడి మాట దేవిక కూడా తీసెయ్యదు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "మంచి మనిషి. షీటు అక్కర్లేదు" అని రాశాడు.

దేవిక అది చదివి పైవాళ్లతో ఫోన్లో మాట్లాడింది. ఆదివారమైనా ఒంటిగంటకల్లా షీటు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. షీటు మీది పాత ఫోటోను పున్నయ్య స్కేలు అంచుతో మెల్లగా లేపి బల్ల మీద మస్తాన్‌రావు ముందు పెట్టాడు.

అతని మొహం వెలిగిపోయింది. మూడింటి బస్సుకే పోతానన్నాడు. మనవరాలికి ఎల్లుండి బళ్లో ఆటల పోటీలట, తాతను రమ్మందట. అంత సంతోషం చూశాక పున్నయ్యకు మాట ఆగలేదు.

"ఆరేళ్ల కిందటే పోవాల్సిన షీటయ్యా. నేనే ఆపా."

"ఎందుకు?"

"నువ్విక రావేమోనని."

మస్తాన్‌రావు బెంచీ మీంచి లేచాడు. పాపకిప్పుడు అయిదేళ్లు, పురుడుకి పిలిచినా జీపు వస్తుందని పోలేదు అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే పున్నయ్యకు భరించరానిదైంది. తిట్టమన్నట్టు చూశాడు.

"పిలిస్తే వచ్చేవాణ్ణి గదా రైటరు గారూ. షీటెందుకు?"

ఆ ఒక్క మాట అని మెట్లు దిగాడు. ఎప్పుడూ పెట్టే నమస్కారం పెట్టలేదు, వెనక్కి చూడలేదు. రోడ్డు దాటి చెట్టు నీడలో బస్సు కోసం నిలబడ్డాడు. పున్నయ్య కిటికీలోంచి చూస్తూ, పిలుద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. బస్సు వచ్చి వెళ్లింది.

నల్లజుట్టు మస్తాన్‌రావు ఫోటో బల్ల మీదే ఉండిపోయింది. దాని వెనక ఎండిన జిగురుకు షీటు కాగితం చిన్న ముక్క అంటుకుని ఉంది.