ఆయుధపూజ బొమ్మ

"మేయ్, నీ బొమ్మల్లో ఆడమనిషికి చిటికెన వేలు వంకరగుంటాదేంది?"

పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్న నా చేతులు ఆగిపోయాయి. మా ఆయన అరవలేదు. అరిస్తే నాకు భయం తక్కువ. ఇలా చెప్పులైనా విడవకుండా వంటింటి గడపలో నిలబడి నెమ్మదిగా అడిగినప్పుడే ఎక్కువ.

"యాడ?" అన్నాను.

"అన్నిట్లోనూ. మన ఎదురింటి దిల్షాద్‌బీ కూతురు లేదూ, మసరత్, తొమ్మిదో తరగతి. ఉగాది బొమ్మ, రంజాన్ బొమ్మ, క్రిస్మస్ బొమ్మ మూడూ పక్కపక్కన పెట్టి, 'సార్, అందరికీ ఎడమచేతి వేలు వంకరే, అచ్చం మీ ఇంట్లో భువనక్క మాదిరి' అనె. క్లాసంతా ఒగటే నవ్వు."

ఆయన ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. అంతకుముందు బంగారు అంగళ్లకు బోర్డులు రాసేవారు. తిరుపాల్ రాసిన అక్షరం పోతపోసినట్టుండేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది, బడి ఉద్యోగం దొరికింది. కానీ మనిషి బొమ్మ ఆయనకు రాదు. అందుకే నాలుగేళ్లుగా ప్రతి పండగకూ ముందు, అంట్లు తోముకున్నాక మధ్యాహ్నం పూట నేను గీతల బొమ్మ వేస్తాను. కింద ఆయన 'చిత్రం: తిరుపాల్' అని రాసుకుంటారు. కాపీలు తీయించి పంచితే పిల్లలు రంగులు నింపుతారు. తల్లిదండ్రులు వచ్చే రోజున గోడలకు అంటిస్తారు. అంత పెద్ద పిల్లలు, బొమ్మ వాళ్లే గీసుకుంటారు కదా అని ఒకసారి అన్నాను. "గీత దాటకుండా రంగేసేది నేర్చుకుంటే సాలు" అన్నారు. మా అత్త సుబ్బరత్నమ్మ ఆ గోడల ఫొటోలు వీధిలో అందరికీ చూపించి "మావోని చెయ్యి బంగారం" అంటుంది. నేను పెన్సిలు పట్టుకుంటే మాత్రం "పనిల్యాక గీతలు గీకతాంది" అంటుంది.

నా బొమ్మలకు ఎదురుగా కూర్చునేవాళ్లెవరున్నారు? కాగితం కదలకుండా ఎడమచేత్తో అదిమిపట్టి, ఆ చేతినే చూస్తూ కుడిచేత్తో గీస్తాను. ఉగాది పచ్చడి కలిపే చెయ్యీ, సేమ్యా వడ్డించే చెయ్యీ, కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యీ, అన్నీ నాదే. నాకే తెలియలేదు. మొదటి ఏడాది బొమ్మల్లో మాత్రం వేళ్లన్నీ తిన్నగానే ఉండాలి.

మూడేళ్ల కిందట ఆ బడివాళ్లే జమ్మలమడుగులో ఇంకొకటి తెరిచారు. డ్రాయింగ్ టీచరు కావాలన్నారు, ఆడమనిషైతే మేలన్నారు. కాలేజీ రోజుల్లోనే నేను డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష పాసయ్యాను. అన్నం వడ్డిస్తూ, బస్సులో పోయొస్తానని చెప్పాను. ఆయన సగం అన్నంలోనే లేచారు. చెయ్యి కడుక్కున్నారు. సర్టిఫికెట్టు తీసుకుందామని నేను ఎడమచేత్తో తలుపు అంచు పట్టుకుని బీరువాలో వెతుకుతున్నాను. ఆయన వెనకనుంచి వచ్చి తలుపు వేశారు. విసురుగా కాదు. ఆనుకుని, బరువంతా మోపి, మెల్లగా. డాక్టరు దగ్గరికి పోయే దారిలో ఆటోలో నేర్పించారు: "తలుపు సందులో పడిందని చెప్పు." చెప్పాను. "సూసుకోని పెట్టుకోవల్ల గదా మే" అంది అత్త. అప్పటినుంచి బీరువా తాళం ఆయన జేబులోనే ఉంటుంది.

"ఆ పిల్ల నిన్నేమన్నా అడిగిందా?" గడపలోంచే అడిగారు.

"ల్యా" అన్నాను.

అబద్ధం. వాళ్లమ్మ కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి నిన్ననే వచ్చింది. నా చేతిని చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

"ఏమాయె అక్కా?"

"తలుపు సందులో పడిందిలే."

"తలుపు ఎవరేసిరి?"

మూడేళ్లలో డాక్టరు అడగలేదు, మా అమ్మ అడగలేదు. నేను జాకెట్టు కుట్లు చూస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆ పిల్ల ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయింది.

"ఈతూరి తిన్నగా ఎయ్యి" అన్నారు ఆయన. "దసరాకు ఆయుధపూజ ఎయ్యమన్న్యాడు పెద్దసారు. రేపు సాయంత్రానికి కావల్ల. వేలు మళ్లా వంకరొచ్చెనా..." మాట పూర్తి చేయలేదు. జేబులో తాళాలు ఒకసారి చప్పుడయ్యాయి.

మరుసటి మధ్యాహ్నం కాగితం మీద ఇస్తరాకుల కట్ట బరువు పెట్టి, ఎడమచెయ్యి కొంగులో దాచుకుని కూర్చున్నాను. ఆయుధపూజ నాడు మా ఇళ్లలో రోలుకూ, కత్తిపీటకూ, మోటరుసైకిలుకూ, బీరువాకూ పసుపు కుంకుమ పెడతాం. ముందు రోలు వేశాను. చెరిపేశాను. కత్తిపీట వేశాను. అదీ చెరిపేశాను. ఎదురింట్లో దిల్షాద్‌బీ కుట్టుమిషను ఆగి ఆగి కొడుతోంది. రబ్బరు పొట్టు ఊదేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చెరపలేదు.

సాయంత్రం ఆయన పెన్ను తీసుకుని కాగితం ముందు కూర్చున్నారు. నేను వాకిలి దగ్గరే నిలబడ్డాను. కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే చూశారు.

"ఆఁ, ఇప్పుడు సరిగ్గుండాది." కాగితం ఇంకాస్త దగ్గరికి తీసుకున్నారు. "ఈ మొగోని చెయ్యేంది?"

ఎడమచెయ్యి కొంగులోకి లాక్కున్నాను. "తలుపు పట్టుకున్న్యాడు. ఇద్దరూ కలిసి పూజ చేస్తాండారు."

ఆయన పెన్ను మూత తీశారు.

"బాగుండాది. మొగుడూ పెండ్లాం అంటే పెద్దసారుకు ఇష్టం."

ఆ మగచేతి కిందే చోటు ఖాళీగా వదిలాను. అక్కడే, పోతపోసినట్టు, నిదానంగా తన పేరు రాసుకున్నారు.

బొమ్మలో బీరువా తెరిచి ఉంది. బొట్లు పెట్టిన తలుపు అంచున ఆడమనిషి ఎడమచెయ్యి ఉంది, చిటికెన వేలు తిన్నగా ఉంది. అవతలివైపునుంచి మగచెయ్యి తలుపు మీద బరువంతా మోపి ఉంది. తలుపు ఇంకా మూసుకోలేదు.

తలుపు ఎవరేసిరని అడిగిన పిల్లకు రేపు పొద్దున జవాబు చేరుతుంది, కింద వేసినవాడి పేరుతో సహా.