వెనక ఫోర్కుకు పెట్టిన బెజ్జాలు

బండి కాటా మీద మూడువందల నలభై తొమ్మిది కిలోలు తూగింది. మూడువందల యాభై దాటితే అది తక్కువ పన్ను పడే సైకిల్‌కారు కాదు, కారు. పన్నూ కారు పన్నే. ఆ పన్ను కట్టి అన్సెల్మ్ చేసిన మూడు చక్రాల బండిని కొనేవాడు పారిస్ చుట్టుపక్కల ఎక్కడా లేడు. తనిఖీ అధికారి ముద్ర వేశాడు. ఇక షెడ్డులో తయారయ్యే ప్రతి బండీ అచ్చం ఇలాగే ఉండాలి.

"ఇంకో నాలుగు బెజ్జాలు పెట్టుంటే గాల్లోకి లేచేది బావా!" అన్నాడు ఆక్టావ్. అతను అన్సెల్మ్ బావమరిది, షెడ్డులో భాగస్వామి.

బరువు తగ్గించడానికి అన్సెల్మ్ రివర్స్ గేరు తీసేశాడు. తలుపు తీసేశాడు. చివరికి ఇనుము మిగిలింది. ఫ్రేముకూ పెడళ్లకూ, వెనకున్న ఒకే చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకూ డ్రిల్లుతో బెజ్జాలు పెట్టాడు. పారిస్ పక్కనే వాళ్లుండే కూర్బవాలో షెడ్లన్నిటిలోనూ అదే పని.

తిరిగి వస్తుంటే రాళ్లు పరిచిన బాట మీద బండి వెనక భాగం పక్కకు లాగింది. అన్సెల్మ్ దిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఫోర్కు మీది గ్రీజు తుడిచాడు. ఒక బెజ్జం నుంచి పక్క బెజ్జానికి పగులు పాకింది.

"రేకు వేసి వెల్డింగ్ చేద్దాం," అన్నాడు ఆక్టావ్.

"రెండు వైపులా వెయ్యాలి. మూడు కిలోలు పెరుగుతుంది."

"అయితే సీట్లు పీకెయ్. కొన్నోళ్లు గొంతుక్కూర్చుంటారు."

అన్సెల్మ్ నవ్వలేదు. "పీకడానికి ఇంకేం లేదురా."

"ఈ ఒక్క ఫోర్కులోనే ఏదో లోపం ఉందేమో. అమ్మేద్దాం బావా. తర్వాత చూసుకుందాం."

"అన్నిటికీ ఇవే బెజ్జాలు పెట్టాలి కదరా. ఏదో ఒకటి దారిలో విరిగి చక్రం ఊడుతుంది."

షెడ్డు దగ్గర మదామ్ బ్రెయాన్ ఎదురుచూస్తోంది. ఆమె మంత్రసాని. కాన్పులకు తిరగడానికి మొదటి బండి తనకే కావాలని ముందే చెప్పిపెట్టింది.

"ముద్ర పడిందా?"

"పడిందండీ!" అన్నాడు ఆక్టావ్. "ఇవాళే తీసుకెళ్లచ్చు."

ఆమె ఎక్కి కూర్చుంది. హారన్ నొక్కి నవ్వింది. "మా వీధిలో వాళ్లు కుళ్లి చావాలి."

"దిగమ్మా," అన్నాడు అన్సెల్మ్.

ఆమె దిగింది. అతను గోడకున్న రంపం తీసి ఫోర్కు మీద పెట్టాడు.

"బావా, ఆగు. ఉన్నదంతా దీని మీదే పెట్టాం. అది తెగితే మనకింక షెడ్డు లేదు."

"తెలుసు."

పగిలిన వైపు త్వరగానే తెగింది. అన్సెల్మ్ రెండో వైపుకు జరిగాడు.

"మరి నా బండి?" అంది మదామ్ బ్రెయాన్.

అతను కోస్తూనే ఉన్నాడు. ఆక్టావ్ బయటికెళ్లి గోడకానుకుని కూర్చున్నాడు.