నాన్న బొటనవేలు

మా నాన్న బొటనవేలంటే నాకు ఒళ్లుమంట. కళ్లు సగం పోయాయి గానీ ఆ వేలు మాత్రం చావలేదు. నేను చెక్కిన ప్రతి పడవనీ ముక్కు నుంచి తోక దాకా దానితో తడిమి, "చెత్త" అని పొయ్యిలో పడేసేవాడు. ఒక చలికాలమంతా మా ఇంట్లో స్నానానికి నీళ్లు నా పనితోనే కాగాయి.

మేం చేసేవి పడవ పందేల బహుమతులు. పడవను ముక్కు నుంచి తోక దాకా నిలువునా చీలిస్తే వచ్చే సగాన్ని చెక్కతో చేసి, చదునుగా ఉన్న వైపును పలకకు అతికిస్తాం. కింద ఇత్తడి రేకు మీద చేసినవాళ్ల పేరు ఉంటుంది. నలభై ఏళ్లుగా అది నాన్న పేరే. "నా వేలు తప్పు పట్టని పడవ ఒక్కటి చెయ్యి. ఆ రోజు నుంచి నీ పేరు వేసుకో" అన్నాడు, నాకు పద్దెనిమిదేళ్లప్పుడు. ఇప్పుడు నాకు ముప్ఫై మూడు.

ఆయన చేతులు వణకడం మొదలయ్యాక సీఎన్‌సీ యంత్రం కొన్నాను. కంప్యూటర్లో బొమ్మ పెడితే చాలు, చెక్కను అదే చెక్కేస్తుంది. నాన్న ఆ గదిలో అడుగు పెట్టలేదు. "పిండిమర కొన్నావటగా" అన్నాడంతే.

ఈ ఏడాది పడవల క్లబ్బు పన్నెండు కావాలంది. నాకో దుర్బుద్ధి పుట్టింది. దుర్బుద్ధే, బుకాయించను. హాల్లో గోడకు నాన్న చెక్కిన పడవ ఒకటుంది. ఆయన చేతిలో అంత గొప్పది మళ్లీ రాలేదని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆయన కళ్లు చూపించుకోవడానికి వెళ్లిన పూట దాన్ని దించి, స్కాన్ చేసి, తిరిగి తగిలించాను. అదే రకం చెక్క పెట్టి పన్నెండూ తీశాను. యంత్రం వదిలిన సన్నటి గీతలు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. నా పేరుతో పన్నెండు రేకులు కూడా చేయించుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకటి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"చేత్తో చెక్కాను నాన్నా. చూడు."

వేలు ముక్కు దాటింది. నడుము దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చింది.

"ఇక్కడ పొంగింది. చెత్త."

"పాపం, పిల్ల ఎంత కష్టపడిందో!" అంది అమ్మ.

"కష్టం గాడిద కూడా పడుతుంది."

నాకు నవ్వాగలేదు. పదిహేనేళ్ల నవ్వు అది.

"అది నీదే నాన్నా! గోడ మీది నీ పడవే, యంత్రంలో పెట్టి తీశాను. నీ పనిని నువ్వే చెత్తన్నావు! నీ వేలి పని అయిపోయింది. నావన్నీ ఊరికే తగలబెట్టావు!"

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నాన్న మొహం మాడిపోతుందని కళ్లప్పగించి చూశాను. ఏమీ కాలేదు.

"నాదేలే. ఆ పొంగు చెక్కిన రోజే తెలుసు. అందుకే క్లబ్బుకివ్వకుండా గోడకు తగిలించాను" అన్నాడు తాపీగా. "నువ్వు నడక నేర్చిందే దాని కింద. దించావు, కొలిచావు, పన్నెండు తీశావు. ఒక్కసారన్నా తెలిసిందా నీకు?"

తాడిని తన్నేవాడి తల తన్నేవాడుంటాడంటారు. నాకు ఇంట్లోనే ఉన్నాడు.

"నాదేనన్నావుగా? పన్నెండింటికీ నా పేరే వెయ్యి. మీట నొక్కేవాళ్లకి పేరెందుకు? ఇచ్చే ముందు ఆ పొంగు గీకు. నా పరువు పోతుంది."

కర్ర పట్టుకుని లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

నేను పనిగదిలో కూర్చుని పడవ మీద బొటనవేలు పెట్టాను. కళ్లు మూసుకుని, ఆయనలాగే, ముక్కు నుంచి నడుము దాకా జరిపాను. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. రెండోది తీశాను, మూడోది తీశాను. పన్నెండూ తడిమాను. అంతా నున్నగా ఉంది. నా వేలికి ఏమీ తగల్లేదు.

ఏడుపొచ్చింది. ఉప్పుకాగితం పట్టుకుని వెళ్లి ఆయన తలుపు కొట్టాను.

"సరిగ్గా ఎక్కడ నాన్నా?"

"వెతుక్కో" అన్నాడు లోపల్నుంచి.