నా అడుగున చిల్లు

నేను ఒక మట్టి కుండీని. ఇప్పుడు అరచేతిలో పట్టే పెంకునే అయినా, కుండీననే చెప్పుకుంటాను. ఆ హక్కు నాకెలా వచ్చిందో మీరే వినండి.

కుమ్మరి వీర్రాజు నన్ను గోదావరి ఒండ్రుమట్టితో సారె మీద నిలబెట్టి, చివర్లో అడుగున వేలితో ఒక చిల్లు పొడిచాడు. బిందెకు చిల్లు పడితే అవతల పారేస్తారు. చిల్లు లేకపోతే కుండీ కుండీయే కాదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నేను కాస్త మిడిసిపడుతూనే ఉన్నాను.

కడియం నర్సరీలో నాలో ఒక యుక్కా మొక్కను నాటారు. కత్తుల్లాంటి ఆకులు, ఎండంటే ప్రాణం, నీళ్లంటే అంతంత మాత్రం. రాజమండ్రిలో ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుట్టే షాపు తెరుస్తున్న హేమలత, మమ్మల్ని ముచ్చటపడి కొని కిటికీ పక్కన పెట్టింది. ఆమె అత్తగారు మంగతాయారు మొహం చిట్లించింది.

"మొనలున్న మొక్క షాపులో ఏంటమ్మాయ్? ఇది చచ్చిందంటే నీ షాపూ అంతే. మూసేసి ఇంటిపట్టునుండాలి, ముందే చెబుతున్నా."

హేమలత సరేనంది. అలా ఆమె షాపు భారం కూడా నా నెత్తిన పడింది.

హేమలత వేలు గుచ్చి చూసి, మట్టి లోపలిదాకా పొడిబారితేనే నీళ్లు పోసేది. ఎక్కువైనవి నేను చిల్లులోంచి వదిలేసేదాన్ని. యుక్కా నిటారుగా పెరిగింది. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు కొంగు ఆకులకు తగలకుండా పక్కకు జరిగి, "బాగా పెంచారండీ" అనేవారు. పొగడ్తలు మొక్కకి, మోత నాకు.

ఒకరోజు నాలోంచి కారిన నీళ్లు ఎవరిదో పట్టుచీర అంచును తడిపాయి. హేమలత భర్త గోపీనాథ్‌కు ఇంట్లో మరమ్మతులన్నీ తానే చేస్తానని గొప్ప. ఆమె లేనప్పుడు నన్ను వాల్చి, తెల్ల సిమెంటుతో నా చిల్లు పూడ్చేశాడు. "ఇక చుక్క కారదు" అనుకుని చేతులు దులుపుకున్నాడు. పైగా నా ఒంటికి బంగారు రంగు పూశాడు. మెరిసిపోయాను గాని, నాకు ఊపిరాడలేదు.

వానాకాలం వచ్చింది. ఆకులు పసుపు తిరిగాయి. హేమలత నీళ్లు పోయడం మానేసినా మట్టి తడి ఆరలేదు. కారణం నాకొక్కదానికే తెలుసు. రోజూ పొద్దున్నే మంగతాయారు ఎవరూ చూడకుండా బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పోసేది. తన మాట ఎక్కడ నిజమవుతుందోనని ఆవిడకే భయం పట్టుకుంది. ప్రేమతో ముంచేయడం మనుషులకే చేతనవుతుంది.

కాండం మొదలు మెత్తబడ్డ రోజున హేమలత నన్ను అరుగు మీదకు ఈడ్చి వాల్చింది. అడుగు తడిమి ఆగిపోయింది.

"ఏవండీ, దీని చిల్లేమైంది?"

"నీళ్లు కారుతున్నాయని నేనే పూడ్చాను" అన్నాడు గోపీనాథ్. మొక్కను లాగితే రాలేదు. పక్కన మొలిచిన పిలక వేర్లు బతికే ఉండి, నా గోడలకు అతుక్కుపోయాయి. నన్ను పగలగొట్టడమే దారి. షాపు తెరిచిన రోజు నుంచీ ఉన్న కుండీనని హేమలతకు చెయ్యి రాలేదు.

మంగతాయారు వంటింట్లోంచి పొత్రం తెచ్చి అందించింది. "పగలగొట్టమ్మాయ్. కుండీదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు. రోజూ నీళ్లు పోసింది నేనే. ముందు దాన్ని బతికించు."

"షాపు మూసేయమన్నారుగా అత్తయ్యా?"

"ఏదో అన్నాన్లే. నువ్వు మూసేస్తే నా జాకెట్లెవరు కుడతారు?"

ఒక్క దెబ్బకు పగిలాను. నొప్పి లేదని అబద్ధం చెప్పను. కానీ నా మొక్క కోసం పగిలానన్న గర్వం ముందు అదెంత?

హేమలత కుళ్లినదంతా కోసేసి, గట్టిగా ఉన్న పైముక్కను నీడలో ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టితో కొత్త కుండీలో నాటి, మళ్లీ షాపు కిటికీ పక్కనే పెట్టింది. పక్క పిలకను గేటు దగ్గర ఎండ తగిలే చోట నేలలో పెట్టింది. మొన్న అది తెల్లటి పూలగెల వేసింది. మంగతాయారు వచ్చినవాళ్లందరికీ, తానే పెంచినట్టు చూపిస్తోంది.

నా పెంకులన్నీ చెత్తబండి ఎక్కాయి, ఒక్కటి తప్ప. మట్టి జారిపోకుండా, నీళ్లు మాత్రం పోయేలా కొత్త కుండీ చిల్లు మీద ఒక పెంకు బోర్లిస్తారు. హేమలత వెతికి మరీ నా అడుగుముక్కను ఏరింది. వీర్రాజు వేలితో పొడిచిన చిల్లు అంచు సగం దానికే ఉంది. ఆ పెంకే నేను. నీళ్లు పోసినప్పుడల్లా ఎక్కువైనవి నా కిందుగా జారి బయటికి పోతాయి. పైన షాపులో కుట్టుమిషను ఆడుతూనే ఉంది.