వాగు ఒడ్డున ఆరు బారల గడ్డి

వాన వెలిసీ వెలియకముందే ఆమె రబ్బరు బూట్లు తొడుక్కుని వాగు దగ్గరికి పరుగెత్తింది. నదిలో కలిసే వాగులన్నిటి నీళ్లూ పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఎన్ని వానలు చూసినా, ఈ వానకు మాత్రం పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. కారణం మేనమామ.

ఆయన వాలుచేను మట్టంతా వాగులోకి, అక్కణ్ణుంచి నదిలోకి కొట్టుకుపోతోందని ఏడాదిపాటు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టింది. చివరికి ఆ పోరు పడలేక, వాగు వెంబడి ఆరు బారల మేర దున్నకుండా గడ్డికి వదిలేశాడు. చేనులో అంతకన్నా మంచి నేల లేదు. మొదటి పెద్దవానకు నీళ్లు తేటపడకపోతే ఆ గడ్డి దున్నేస్తానని షరతు పెట్టాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఇవాళ ట్రాక్టరుకు నాగలి తగిలించుకునే వాగు దగ్గరికి వచ్చాడు.

వంతెన కింద సీసా ముంచి, అడుగున నల్లటి గుర్తున్న గాజు గొట్టంలో నీళ్లు పోసింది. ఎంత లోతు నీళ్లలో గుర్తు కనబడితే అంత తేట అన్నమాట. నిరుడు నాలుగు వేళ్లకే మాయమైంది. ఇప్పుడూ నాలుగు వేళ్లే. మామయ్య ట్రాక్టరు వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

"పది నిమిషాలు ఆగు మామయ్యా" అని, జవాబు వినకుండానే చేలకు అడ్డంపడి ఎగువకు నడిచింది. చిన్నప్పుడు భుజమ్మీద మోసినందుకు ఈ వయసులో తనను బురదలో ఈడుస్తోందని గొణుక్కుంటూ ఆయన వెనకే వచ్చాడు. గడ్డి దాటి నీళ్లు వాగులో కలిసే చోట, చేను దిగువ కొసన మళ్లీ ముంచి పోసింది. నాలుగు వేళ్లు దాటింది. జానెడు దాటింది. గొట్టం నిండినా గుర్తు మిరియపు గింజలా నల్లగా కనబడుతూనే ఉంది. ఆమెకు గంతులెయ్యాలనిపించింది. వేసింది కూడా, ఒక బూటు బురదలో దిగబడిపోయింది. మామయ్య తనే వంగి గొట్టంలోకి రెండుసార్లు చూసి, గడ్డి ఉండనిమ్మన్నాడు.

మరి వంతెన దగ్గరి బురద ఎక్కడిది? ఆమె ఒంటి బూటుతోనే ఈసారి ఒడ్డు వెంబడి వంతెన వైపు దిగింది. సగం దారిలో ఎర్రనీళ్లు ధారగట్టి వాగులో పడుతున్నాయి. అది జీపు కోసమని కిందటి నెల ఆమె ఆఫీసువాళ్లు వాలు మీద నిటారుగా కొట్టించిన మట్టిబాట. బాట ఎటు పోవాలో పటం మీద గీత గీసిచ్చింది ఆమే.

మామయ్య నడుంమీద చేతులు పెట్టుకుని బాటను కిందనుంచి పైదాకా చూశాడు. నవ్వాపుకోవడం ఆయనవల్ల కాలేదు.

"నన్ను ఏడాదిపాటు సాధించావు. ఇప్పుడెవర్ని సాధిస్తావమ్మా?"

ఆమెకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఫోన్ తీసి పై అధికారికి చెప్పింది, వాగును పాడుచేస్తున్న మనిషి దొరికిందని. ఎవరని ఆయన ఆత్రంగా అడిగాడు. ఇంటిపేరుతో సహా తన పేరే చెప్పింది.